మా సంఘం రూము తాళం తీయండి: కొత్తవాడ నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన నగర పాలనాధికారులకు, మా డివిజన్ ప్రజాప్రతినిధులకు, వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఉండే తోటి నగరవాసులకు నమస్కారం.

నేను వరంగల్‌లోని కొత్తవాడలో నేతపని చేసే ఇంట్లో పుట్టాను. మా నాన్న జంపఖానాలు నేసేవాడు, అమ్మ నూలు కండెలు చుట్టేది. పెళ్లయ్యాక కూడా ఈ వాడలోనే ఉన్నాను. ఇప్పుడు బ్లౌజులు, స్కూలు యూనిఫాంలు కుట్టి బతుకుతున్నాను. పెద్దవాళ్లకు లేఖలు రాసే అలవాటు నాకు లేదు. కానీ మా గల్లీ వాళ్లం మూడు అర్జీలు ఇచ్చాం. సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టాం. మొదటి అర్జీ మీద ముద్ర వేసి ఇచ్చారు. రెండోసారి వెళ్తే ఆ సారు బదిలీ అయ్యారన్నారు. మూడోదాని సంగతి ఇంతవరకు తెలియదు. సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబివ్వాలని చట్టంలో ఉంది. ఆ గడువు దాటాక ఒక్క వాక్యం వచ్చింది: విషయం పరిశీలనలో ఉందట. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

మా గల్లీ చివర ఒక పొడుగాటి గది ఉంది. దాన్ని మేం సంఘం రూము అంటాం. రెండేళ్లుగా దానికి తాళం వేసి ఉంది. ఆ తాళం తీయమనే మేం అడుగుతున్నాం.

ఆ గది ఏమిటో చెప్పకపోతే మా బాధ మీకు అర్థం కాదు. మా తాతల కాలంలో ఇంటికింత అని చందా వేసుకుని కట్టుకున్నారు దాన్ని. పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, పట్టాలంటే పొడుగు జాగా కావాలి కాబట్టి గదినీ అట్లాగే పొడుగ్గా కట్టారు. నూలు తడవకూడదని అరుగు ఎత్తుగా లేపారు. ముందు వేపచెట్టు ఉంది. ఒక గోడకు నల్లబోర్డు ఉంటుంది. తర్వాత ఎప్పుడో అది నగర ఆస్తుల లెక్కలోకి వెళ్లింది. అప్పుడు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. తాళంచెవి మా గల్లీలోనే, ఒక పెద్దమ్మ ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉండేది కదా, ఇంకేం కావాలి అనుకున్నారు.

పొద్దున ఏడింటికి తలుపు తీసేవాళ్లు. ఎండ ముదిరేలోపు మగవాళ్లు పడుగు పని చేసుకునేవాళ్లు. మధ్యాహ్నం ఆడవాళ్లం రాట్నాలు తెచ్చుకుని కూర్చునేవాళ్లం. కండెలు చుడుతూ పాడుకునేవాళ్లం. నాకు వచ్చిన బతుకమ్మ పాటల్లో ఎక్కువ భాగం పండుగరోజు నేర్చుకున్నవి కావు, ఆ గదిలో రాట్నం తిప్పుతూ నేర్చుకున్నవే. నాలుగింటి తర్వాత పిల్లలు వచ్చేవాళ్లు. నల్లబోర్డు మీద లెక్కలు చేసేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు. పొద్దుగూకినంక భజన, కోలాటం, హార్మోనియం. పీరీల పండుగ (మొహర్రం) దగ్గరికొస్తే వేపచెట్టు కింద మంట వేసి డప్పులు కాచుకునేవాళ్లు. పక్క గల్లీ నుంచి హమాలీల పిల్లలు, ఆటో నడిపేవాళ్ల పిల్లలు కూడా వచ్చేవాళ్లు. నీది ఏ కులం, నీది ఏ మతం అని ఆ గుమ్మం దగ్గర ఎవరూ అడగలేదు. ఈ మాట నేను నమ్మకంగా చెప్పగలను, ఎందుకంటే నా చిన్నతనమంతా ఆ గుమ్మంలోనే గడిచింది.

రెండేళ్ల కింద మరమ్మతులని చెప్పి తాళం వేశారు. పైకప్పు కారుతున్న మాట నిజమే, మేమే అడిగాం. సంతోషంగా చెవి ఇచ్చాం. మరమ్మతు మొదలుకాలేదు. కొన్నాళ్లకు లోపల ప్లాస్టిక్ పైపులు, సిమెంటు బస్తాలు దింపారు. ఆ తర్వాత కొలతలు తీసుకునేవాళ్లు వచ్చారు. అడిగితే, గది తీసేసి కిరాయికిచ్చే షట్టర్లు కడతారని అన్నారు. కాగితం మీద ఎవరూ ఏమీ చూపించలేదు. అది నిజమో కాదో మాకు ఇప్పటికీ తెలియదు. తెలియకపోవడమే మా టెన్షన్.

ఆ తాళం వల్ల మామూలు మనుషులకు ఏమైందో వరుసగా రాస్తున్నాను.

1. నేర్పేవాళ్లు ఉన్నారు, నేర్పే చోటు లేదు.

వరంగల్ జంపఖానాలకు, బయటివాళ్లు దర్రీలు అంటారు, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆరోజు మా గల్లీలో స్వీట్లు పంచారు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు ఓరుగల్లు తివాచీలు వెళ్లాయని పెద్దవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ ముడుల తివాచీల పని మా కళ్ల ముందు లేదు, అది ఎప్పుడో పలచబడింది. మిగిలింది జంపఖానా నేత. భౌగోళిక గుర్తింపు ఆ పేరును కాపాడుతుంది, ఇంకెవరో ఇంకెక్కడో నేసి వరంగల్ పేరు పెట్టి అమ్మకుండా ఆపుతుంది. మంచిదే. కానీ నేసే చేతులు ఆగిపోతే ఆ పేరుతో ఎవరికి లాభం?

మా గల్లీలో ఒక పెద్దాయన ఉన్నాడు. గళ్ల కాగితం మీద పువ్వు గీసి, ఎన్ని పోగులకు రంగు మార్చాలో లెక్కవేసి చెబుతాడు. నెమలి, ఏనుగు, కాకతీయ తోరణం, ఏది అడిగినా పోగుల లెక్కలోకి దింపుతాడు. ఆయన సాయంత్రాలు నల్లబోర్డు మీద ఈ లెక్క నేర్పేవాడు. మొదట ముగ్గురు వచ్చేవాళ్లు, తర్వాత తొమ్మిది మంది అయ్యారు. అందులో ఆరుగురు ఆడపిల్లలే. ఒకమ్మాయి ఇంటర్ చదువుతూ నేర్చుకుని, తను గీసిన డిజైనుతో నేయించిన జంపఖానాను ఫోన్‌లో ఫొటో పెట్టి అమ్మింది. ఆమె మొహం ఆరోజు ఎట్లా వెలిగిందో నాకు గుర్తుంది. తాళం పడ్డాక పెద్దాయన తన ఇంట్లో నేర్పుదామని చూశాడు. ఆ ఇంట్లో ఉన్నది ఒకటిన్నర గది. ఒక గదిని మగ్గమే తినేసింది. మిగిలిన సగంలో వంట, పడక, మంచంపట్టిన ఆయన భార్య. పిల్లలు రెండు వారాలు వచ్చి మానుకున్నారు. ఆయనకు డెబ్బై దాటాయి. మీ పరిశీలన ఇంకో రెండేళ్లు సాగితే, ఆ లెక్క ఎవరి దగ్గర మిగులుతుందో మీరే ఆలోచించండి.

2. ఆడవాళ్లు కూర్చునే ఒక్క చోటూ పోయింది.

మగవాళ్లకు హోటళ్లున్నాయి, పాన్ డబ్బాలున్నాయి, చౌరస్తా ఉంది. పని అయ్యాక పదిమంది ఆడవాళ్లు ఒకచోట కూర్చోవాలంటే మా వాడలో ఈ రూము తప్ప ఇంకేమీ లేదు. రాట్నాలు పట్టుకుని ఇంటి ముందు కూర్చుందామంటే గల్లీ నిండా బండ్లు. బతుకమ్మ పండుగను 2014 నుంచి రాష్ట్ర పండుగగా జరుపుతున్నారు. వేయిస్తంభాల గుడి దగ్గర, పద్మాక్షి గుట్ట దగ్గర వేలమంది ఆడతారు, లైట్లు పెడతారు, టీవీల వాళ్లు వస్తారు. అదంతా మాకు ఇష్టమే. అయితే ఆ వేలమందిలో పాట అందుకునేది ఎవరు? ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు ఉయ్యాలో అనాలి. ఎత్తుకునే మనిషి ఎక్కడో నేర్చుకుని ఉండాలి కదా. గత రెండు పండుగలకు మా గల్లీలో సౌండు పెట్టె పెట్టి పాటలు వేశారు. పిల్లలు ఆడారు, కానీ నోరు విప్పలేదు. గునుగు, తంగేడు తెచ్చి బతుకమ్మ పేర్చడానికి కూడా చోటు చాలక కొన్ని ఇళ్లవాళ్లు మేడ మీద పేర్చుకున్నారు. వెనకటికి ఆ గదిలో ముప్పై బతుకమ్మలు ఒక్కసారి లేచేవి.

3. పిల్లల సాయంత్రాలు.

మా గల్లీలో ఇద్దరు పిల్లలు పేరిణి నాట్యం నేర్చుకుంటున్నారు. పేరిణి అంటే నేల అదిరేలా అడుగు వేయాలి. వాళ్లుండేది కిరాయి ఇంట్లో, రెండో అంతస్తులో. కింద ఉన్నవాళ్లు రెండుసార్లు గొడవ పెట్టుకున్నారు, వాళ్ల తప్పు కూడా లేదు. ఆ ఇంట్లో చంటిబిడ్డ ఉంది. రామప్ప గుడికి 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు నగరమంతా పండుగ చేసుకున్నాం. ఆ గుడి రాళ్ల మీద ఉన్న నాట్య భంగిమలను, కాకతీయుల కాలంలో జాయప సేనాని రాసిన నృత్త రత్నావళిని పట్టుకుని నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు పేరిణిని మళ్లీ నిలబెట్టారని మా పిల్లలకు పాఠంలా చెబుతాం. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఆట అది. ఈరోజు ఆ ఆట నేర్చుకునే పిల్లాడికి కావలసింది ఇరవై అడుగుల గట్టి నేల. అది తాళం వెనక, సిమెంటు బస్తాల కింద ఉంది.

మిగతా పిల్లల సంగతి చెప్పడానికి కష్టంగా ఉంది. వాళ్లు చెడిపోయారని నేను అనను. కానీ నాలుగు నుంచి ఎనిమిది వరకు ఇంట్లో ఎవరూ ఉండరు, తల్లులు పనికి పోతారు. నల్లబోర్డు దగ్గర గడిచిన ఆ నాలుగు గంటలు ఇప్పుడు ఫోన్‌లో గడుస్తున్నాయి. మా ఇంటి పక్క పిల్లాడు బొమ్మలు బాగా వేసేవాడు. మొన్న అడిగితే, ఎక్కడ వేయాలి అత్తా అన్నాడు.

4. వాన వచ్చినప్పుడు.

2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో వరంగల్ నీళ్లలో మునిగిన సంగతి మీకు చెప్పక్కరలేదు, మీరూ ఆ నీళ్లలో తిరిగారు. మా గల్లీలో గుంట మగ్గాలు ఉన్నాయి. గుంట మగ్గం అంటే మనిషి కాళ్లు దింపే గుంత నేలలోనే ఉంటుంది. గుమ్మం దాటి నీళ్లు వస్తే మొదట నిండేది ఆ గుంతే. నూలు తడిస్తే రంగు దిగుతుంది, పోగు పాడవుతుంది. నెల పని ఒక్క రాత్రిలో పోతుంది. ఆ రెండుసార్లూ అర్ధరాత్రి లేచి నూలు మూటలు, అయిపోయిన జంపఖానాలు, బియ్యం బస్తాలు, ముసలివాళ్లను ఎత్తు అరుగు మీదున్న ఆ గదిలోకి చేర్చాం. తాళం పడ్డాక మా గల్లీ ఇళ్లలోకి అట్లా నీళ్లు ఇంకా రాలేదు. ఆకాశం నల్లబడ్డప్పుడల్లా మా చూపు ఆ తాళం మీదికే పోతుంది.

5. పటం విప్పడానికి చోటు లేక వెళ్లిపోయినవాళ్లు.

ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టిన సంగతి. కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

కూనపులి వాళ్లని ఉన్నారు. పద్మశాలీలకు కులపురాణం చెప్పే కళాకారులు. మార్కండేయుడి కథ, భావనాఋషి కథ, నూలు ఎట్లా పుట్టింది, మొదటి బట్ట ఎవరు నేశారు, ఇవన్నీ బొమ్మల పటం విప్పుతూ, ఒక్కొక్క బొమ్మను చూపిస్తూ, పాడుతూ రాత్రుళ్లు చెబుతారు. ఆ పటాలు గీసేది నకాషీ కళాకారులు. ఒకప్పుడు మన ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే ఉన్న చేర్యాల ఈ పనికి పేరుపడ్డ ఊరు. పటం పదుల అడుగుల పొడవు ఉంటుంది. చుట్టిన పటాన్ని పైనుంచి వేలాడదీసి, కథ నడిచేకొద్దీ కొంచెం కొంచెంగా విప్పుతారు. నా చిన్నప్పుడు వాళ్లు వచ్చారంటే మా వాడకు పెళ్లి వచ్చినట్టే. ఇంటింటికీ ఒక పూట భోజనం. రాత్రి సంఘం రూములో కథ. పటం మీది ఎర్రరంగులో పచ్చ, నీలం బొమ్మలు దీపం వెలుతురులో కదిలినట్టు ఉండేవి. మా నాన్న అక్షరం ముక్క రానివాడు. తన పనికి ఇంత పాత కథ ఉందని ఆ పటం చూసే తెలుసుకున్నాడు. పటంలో మగ్గం బొమ్మ వచ్చినప్పుడు ఆయన లేచి నిలబడి దండం పెట్టేవాడు.

పోయిన ఏడు వాళ్లు మళ్లీ వచ్చారు. ముగ్గురే వచ్చారు, ఇదివరకు ఏడెనిమిది మంది ఉండేవాళ్లు. రూముకు తాళం చూసి ఆగిపోయారు. ఏం చేయాలో తోచక గల్లీ మలుపులో టార్పాలిన్ కట్టాం. పటాన్ని కరెంటు స్తంభానికి, ఒక గోడ మేకుకు కట్టారు. బండ్లు పోతుంటే హారన్ కొడుతున్నారు. గాలికి పటం కొట్టుకుంటుంటే ఒకతను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. పటం చూపించే మనిషి పటాన్ని పట్టుకునే మనిషి అయ్యాడు. గంటన్నరకు చినుకులు పడ్డాయి, పటం తడుస్తుందని చుట్టేశారు. తెల్లారి వెళ్లిపోయారు. ఇంకా కథ చాలా ఉంది అమ్మా, చోటున్నప్పుడు కబురు పెట్టండి అన్నారు. వాళ్ల ఫోన్ నంబర్ నా కుట్టుమిషన్ డ్రాయర్‌లో ఉంది. ఇప్పటివరకు కబురు పెట్టలేకపోయాను.

6. చిన్నచిన్న అవసరాలు.

పుట్టినరోజులు, పదో రోజు కర్మలు, పెళ్లిచూపులు, అన్నీ ఆ గదిలోనే కానిచ్చేవాళ్లం. ఇప్పుడు ఫంక్షన్ హాలు తీసుకుంటే కిరాయి అప్పు అవుతుంది. వాడలో పెద్దమనుషుల మాటలు కూడా అక్కడే జరిగేవి. ఇప్పుడు రోడ్డు మీద జరుగుతున్నాయి, గొడవలు పెరుగుతున్నాయి.

ఇక మీ వైపు నుంచి మాకు నోటిమాటగా వచ్చిన జవాబుల గురించి.

హనుమకొండలో అంత పెద్ద కళాక్షేత్రం కట్టారు కదా, అక్కడికి వెళ్లండి అని ఒకరు అన్నారు. కవి కాళోజీ గారి పేరు మీద 2014లో శంకుస్థాపన జరిగి, 2024లో తెరుచుకున్న ఆ కళాక్షేత్రం మాకూ గర్వకారణమే. మా గల్లీ వాళ్లం అందరం ఆటో కట్టుకుని వెళ్లి చూసి వచ్చాం. కానీ అది నేర్చుకున్నదాన్ని చూపించే చోటు. మేం అడిగేది నేర్చుకునే చోటు. రోజూ సాయంత్రం రాట్నం తీసుకుని, నిద్రకొచ్చిన బిడ్డను చంకనేసుకుని, నైటీ మీద టవల్ వేసుకుని ఎవరూ అంత దూరం పోరు. నడిచి పోగలిగే చోట ఉంటేనే రోజూ పోతారు.

ఈ నగరంలో కళలు, చదువు ఎట్లా పెరిగాయో ఒక్కసారి చూడండి. నిజాం కాలంలో, తెలుగు చదువుకోవడమే కష్టంగా ఉన్న రోజుల్లో, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం పెట్టుకున్నారు. అది పుస్తకాలున్న చోటు, మనుషులు కూడే చోటు. కాళోజీ గారూ వారి స్నేహితులూ మిత్రమండలి పేరుతో కూడి, కొత్తగా రాసినవి ఒకరికొకరు చదివి వినిపించుకునేవాళ్లు. 1932లో మా పక్కనే మట్టెవాడలో పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్ గారు గొంతులు అనుకరిస్తూ ఐక్యరాజ్యసమితి వేదిక దాకా వెళ్లారు. ఆ పుట్టినరోజును, డిసెంబరు 28ని, మిమిక్రీ కళాకారులు తమ రోజుగా జరుపుకుంటున్నారు. వీళ్లెవరూ మొదటిరోజే పెద్ద వేదిక ఎక్కలేదు. మన పెద్దలకు చిన్న గదుల విలువ తెలుసు. మీకూ తెలుసనే నమ్మకంతోనే ఇంత రాస్తున్నాను.

సౌండ్ మీద ఫిర్యాదులు వచ్చాయని ఇంకొకరు చెప్పారు. అది నిజమే. రాత్రి డ్యూటీలు చేసేవాళ్లు, పరీక్షలకు చదివేవాళ్లు మా గల్లీలోనూ ఉన్నారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్ స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరం నుంచే కేంద్ర నిబంధనలు ఉన్నాయి. మేం అంతకన్నా ముందే, రాత్రి 9కే ఆపేస్తామని, మైకు అసలు వాడమని ఫిర్యాదు చేసిన ఇంటికి వెళ్లి మాట ఇచ్చాం. పటం కథ రాత్రుళ్లు మాత్రం చుట్టుపక్కల ఇళ్లకు ముందే చెప్పి, వాళ్లను కూడా పిలుస్తాం. ఆ ఇంటాయనే మా మూడో అర్జీ మీద సంతకం చేశాడు.

షట్టర్లు కడితే ఆదాయం వస్తుంది అనే మాట కూడా వినిపించింది. నగరానికి డబ్బులు కావాలి, మాకు తెలుసు. మురికికాలువ బాగు చేయమని అడిగేదీ మేమే. కానీ మా గల్లీ నుంచి చౌరస్తా దాకా ఖాళీ షట్టర్లు కిరాయి బోర్డులు తగిలించుకుని ఉన్నాయి. ఇంకో నాలుగు కడితే ఏం వస్తుంది? ఉన్న నేతపనిని నిలబెట్టుకుంటే ఇళ్లకు ఇళ్లు బతుకుతాయి. అజంజాహి మిల్లు 1934లో మొదలై, ఈ నగరంలో ఎన్ని కుటుంబాలకు అన్నం పెట్టిందో, అది మూతపడ్డాక ఎన్ని కుటుంబాలు చెదిరిపోయాయో మా ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మా మేనమామలు సూరత్, భివండీ పోయి మిల్లుల్లో పనిచేశారు. కొందరు తిరిగి రాలేదు. ఇక్కడ పని చేసుకునే వీలు ఒక్కొక్కటిగా పోతే మనుషులు ఎటు పోతారో మేం చూశాం. అందుకే ఒక గది గురించి ఇంత పట్టుపడుతున్నాం.

మా కోరికలు ఇవి.

1. బతుకమ్మ పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మకు ముందే తాళం తీయాలి. లోపలున్న పైపులు, బస్తాలు వేరేచోటికి తరలించాలి. ఒక్కరోజు పని అది, మనుషులు చాలకపోతే మేమే మోస్తాం.

2. గదిని కూల్చడం, షట్టర్లు కట్టడం అనే ఆలోచన ఉందో లేదో రాతపూర్వకంగా చెప్పాలి. ఉంటే ఆపాలి. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలి: యువతకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖ పౌరులకు ఒక్కొక్కటి, ఒక్కోదానిలో 15 మంది. మా వార్డు కమిటీల సమావేశం ఆ గదిలోనే పెట్టి, ఫైలు అందరి ముందు విప్పండి. మా మాట విన్నాక నిర్ణయం తీసుకోండి.

3. పైకప్పు కారడం ఆపాలి. కరెంటు మీటరు మళ్లీ పెట్టాలి. ఆడవాళ్లకు ఒక మరుగుదొడ్డి కట్టాలి. ఇదొక్కటి లేకనే చాలామంది ఆడపిల్లలు అరగంటకే ఇంటికి పోయేవాళ్లు. అరుగు ఎత్తు మాత్రం తగ్గించకండి.

4. తాళంచెవి గల్లీ వాళ్ల దగ్గర ఉండాలి. ఐదుగురి కమిటీ వేసుకుంటాం, అందులో ముగ్గురు ఆడవాళ్లు. ఎవరు ఏ గంటలో వాడుకున్నారో రిజిస్టర్ రాస్తాం. పొద్దున నూలు పని, మధ్యాహ్నం ఆడవాళ్లు, సాయంత్రం పిల్లలు, రాత్రి 9కి తాళం. పార్టీ మీటింగులకు ఇవ్వం. కరెంటు బిల్లు మేం కట్టుకుంటాం. మీ ఇన్‌స్పెక్టర్ ఎప్పుడైనా వచ్చి రిజిస్టర్ చూసుకోవచ్చు.

5. గళ్ల కాగితం మీద డిజైన్ లెక్క నేర్పే పెద్దాయనకు, ఆయనలాంటి వాళ్లకు వారానికి కొన్ని గంటల గౌరవ వేతనం ఇవ్వాలి. ప్రతి ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవం నాడు శాలువా కప్పుతున్నారు, అందుకు కృతజ్ఞతలు. ఆయన ఇంట్లో ఇప్పటికి నాలుగు శాలువాలు ఉన్నాయి. ఆయనకు కావలసింది నలుగురు పిల్లలు, ఒక నల్లబోర్డు.

6. నగరంలో 66 డివిజన్లు ఉన్నాయి. మా రూములాంటివి, తాళాలు పడ్డవి, సామాన్లు నింపినవి ఎన్ని ఉన్నాయో జాబితా తీసి, డివిజన్‌వారీగా నోటీసు బోర్డు మీద పెట్టాలి. కరీమాబాద్ నుంచి, కాశిబుగ్గ నుంచి మా దగ్గరికి కుట్టుపనికి వచ్చే ఆడవాళ్లు కూడా ఇదే మాట చెబుతున్నారు. ఇది మా ఒక్క గల్లీ బాధ కాదు.

7. ఈ లేఖకు జవాబు తెలుగులో, సంతకంతో ఇవ్వండి. కుదరదు అంటే కుదరదనే రాయండి, కారణం రాయండి. పరిశీలనలో ఉంది అనే మాట మాత్రం మళ్లీ రాయకండి.

తోటి నగరవాసులకు ఒక మాట. మీ గల్లీలో కూడా ఇట్లాంటి గది ఉంటే, ఈ వారమే పోయి దాని తలుపు చూడండి. చెవి ఎవరి దగ్గరుందో అడగండి. హనుమకొండలో, కాజీపేటలో ఉండే రచయితలు, నాట్య గురువులు, చిత్రకళ ఉపాధ్యాయులు ఒక్కసారి మా గల్లీకి రండి. మీ గొంతు కలిస్తే మా అర్జీకి బరువు పెరుగుతుంది.

జవాబు వచ్చేవరకు మేం ధర్నాలు చేయం, రోడ్డు ఆపం. వచ్చే ఆదివారం నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం 5 గంటలకు వేపచెట్టు కింద, తాళం వేసిన తలుపు ముందు కూర్చుంటాం. ఆడవాళ్లం రాట్నాలు తెచ్చుకుంటాం. పెద్దాయన పలక మీద డిజైన్ లెక్క చెబుతానన్నాడు. పేరిణి పిల్లలు మట్టి నేల మీదే అడుగులు వేస్తారు. మీలో ఎవరైనా రావచ్చు, కుర్చీ వేస్తాం, టీ పెడతాం. వచ్చేటప్పుడు తాళంచెవి తెచ్చారంటే అదే రాత్రి నా డ్రాయర్‌లో ఉన్న నంబర్‌కు ఫోన్ చేసి, పటం తీసుకుని రమ్మని కబురు పెడతాను.

ఇట్లు,
కొత్తవాడ సంఘం రూము గల్లీ వాసుల తరఫున,
నేత ఇంట్లో పుట్టిన ఒక కుట్టుపనిమనిషి
వరంగల్